పడమటి కొండ గురించి ఊళ్ళో ఎవరేమన్నారు

(ఆదివారం సాయంత్రం మా ఊరి రామాలయం ముందు జరిగిన సమావేశంలో మా రిటైర్డ్ మాస్టారు మాట్లాడిన మాటలివి. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. ఫోన్‌లో రికార్డు చేసింది విని, ఉన్నది ఉన్నట్టు రాశాం. మధ్యలో సభలోంచి వచ్చిన మాటలు బ్రాకెట్లలో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, పట్టాలు పరిచే ఉన్నాయి. మైకు కాస్త గరగరలాడుతోంది, వినపడకపోతే చెయ్యెత్తండి.

పడమటి కొండ మీద క్వారీ వస్తోందని మనకి ఎవరు చెప్పారు? పంచాయతీ చెప్పలేదు. సచివాలయం బోర్డు మీద కాగితం అంటించలేదు, టముకు వేయించలేదు. జీవాలు తోలుకెళ్ళే మన కాపరులు చెప్పారు. కొండ మొదట్లో రాళ్ళ మీద ఎర్ర పెయింటుతో గుర్తులు పెట్టారు, ఎవరో జీపులో వచ్చి టేపులు పట్టి కొలుచుకుపోయారు అని వాళ్ళు టీకొట్టు దగ్గర అంటే అప్పుడు తెలిసింది ఊరికి.

మర్నాడు నేను పంచాయతీ ఆఫీసుకి వెళ్ళాను. కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు గానీ తీర్మానాల పుస్తకం చూపించమంటే వెనకాడారు. సరే అని సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చి వచ్చాను. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో పెట్టే అర్జీకి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇచ్చారు. ఆ పేజీ జిరాక్సు ఇదిగో. పైన వీధిలైట్ల బల్బులు కొనడం గురించి ఒక తీర్మానం, కింద బ్లీచింగ్ పౌడర్ గురించి ఇంకొకటి, ఆ రెండింటి మధ్యలో మూడే మూడు లైన్లు. ఫలానా సర్వే నంబరు కొండ పోరంబోకులో రాయి, కంకర తవ్వకానికి పంచాయతీకి అభ్యంతరం లేదు, సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు అని. కింద వరసగా సంతకాలు.

ఆ సంతకాల్లో ఒకటి పెట్టిన వార్డు మెంబరుని అడిగాను. "మాస్టారూ, పుస్తకం ఇంటికే పంపారు, వీధిలైట్ల గురించి అన్నారు, పెట్టేశాను" అంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. బ్యాంకులో, ఆసుపత్రిలో మనం పెట్టే సంతకాలు మాత్రం చదివి పెడుతున్నామా?

(సభలో ఒకరు: సర్పంచ్ గారికి అంతా తెలుసు మాస్టారూ, తెలిసే చేశారు!)

ఉండు నాయనా, కూర్చో. తెలిసి చేశాడో తెలియక చేశాడో నేను చెప్పలేను. ఇవాళ రమ్మని నేనే ఇంటికెళ్ళి పిలిచాను, వస్తే కూర్చోవడానికి ఇదిగో కుర్చీ కూడా వేసి ఉంది. అతనూ ఈ ఊరి పిల్లాడే, ఆరో తరగతిలో నా దగ్గర చదువుకున్నవాడే. మనుషుల మీద పడితే అసలు సంగతి మూలన పడుతుంది. అసలు సంగతి ఏమిటంటే, ఈ ఊరు ఏమనుకుంటోందో ఏ కాగితం మీదా లేదు. తహసీల్దారు ఆఫీసులో, గనుల శాఖ ఆఫీసులో ఉన్న ఫైలు ప్రకారం మనకి క్వారీ అంటే ఏ ఇబ్బందీ లేదు, పైగా ఆ మాట మనమంతా ఏకగ్రీవంగా చెప్పినట్టు. మనం టీకొట్టు దగ్గర, చెరువు గట్టు మీద ఎంత గొంతు చించుకున్నా ఆ ఫైలులో ఒక్క అక్షరం కూడా చేరదు.

అందుకని నేను, మన కుర్రాళ్ళు ముగ్గురు కలిసి ఒక నోటుపుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగాం. క్వారీ కావాలా వద్దా అని అడగలేదు. అలా అడిగితే ఎదుటివాడి ముఖం చూసి జవాబు చెబుతారు. "కొండతో మీకేం పని ఉంది, పంచాయతీతో మీకేం పని పడింది" అని ఈ రెండే అడిగాం. వాళ్ళు ఏం చెబితే అది రాశాం. అది మీకు చెప్పడానికే ఇవాళ ఈ మీటింగు.

కాపరులు చెప్పిందే ముందు చెబుతాను. ఎండాకాలం మూడు నెలలు జీవాలకి మేత ఆ కొండ వెనక లోయలోనే. చేలల్లో జామాయిల్, సుబాబుల్ వేసేశాక గొర్రెలు పోవడానికి ఇంకో చోటు లేదు. కాగితాల్లో కొండ పోరంబోకు అని ఉంటే ఎవరికీ పనికిరాని భూమి అనుకుంటారు. ఊరుమ్మడి భూముల గురించి 2011 జనవరిలో సుప్రీంకోర్టు పంజాబ్ కేసులో చెప్పిన తీర్పు ఒకటుంది. పోరంబోకు, మేత భూములు, చెరువులు తరతరాలుగా ఊరందరి అవసరానికి ఉన్నవి, వాటిని ఆక్రమించుకున్నవాళ్ళని ఖాళీ చేయించాలి అని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. లీజుకిచ్చిన కొండకి ఆ తీర్పు నేరుగా వర్తిస్తుందా అంటే వకీళ్ళు ఆలోచించాలి. కానీ ఆ భూమి అవసరం ఎవరిదో ఆ తీర్పు చెప్పిన తీరు మనకి కావాలి.

తర్వాత చెరువు కింద రైతులు. ఒక పెద్దాయన నన్ను గట్టు మీదకి తీసుకెళ్ళి చేత్తో చూపించాడు, వాన పడితే కొండ వాలు మీంచి నీళ్ళు ఏ వాగులో దిగి ఎక్కడ చెరువులో కలుస్తాయో. నేను ఇక్కడే పుట్టి పెరిగినా అంత వివరంగా ఎప్పుడూ చూడలేదు. క్వారీ వాళ్ళు రాయి కోసం ముందు పైమట్టి తీస్తారు, తీసిన మట్టి కొండ పక్కనే దిబ్బలు పోస్తారు, మొదటి వానకి ఆ మట్టి దిగి వాగు పూడుతుంది, వాగు పూడితే చెరువుకి నీళ్ళు రావు, చెరువు నిండకపోతే దాని కింద బోర్లు ఎండుతాయి. ఆయన చదువుకోలేదు, అయినా ఇదంతా వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. క్వారీ కోసం పెట్టిన దరఖాస్తుకి జతపరిచిన ప్లానులో మన వాగు గీతే లేదు, నేను చూశాను.

ఇక కుర్రాళ్ళు. వాళ్ళ మాట దాచిపెడితే ఈ మీటింగుకి అర్థం లేదు. పాతికేళ్ళ లోపు వాళ్ళలో చాలామంది క్వారీ రావాలనే అన్నారు. "పొగాకుకి రేటు ఉన్న ఏడు ఉంటుంది, లేని ఏడు లేదు, ఒంగోలు పోయి షాపుల్లో పనిచేస్తే రూము అద్దెకే సరిపోతుంది, ఇక్కడే పని దొరికితే తప్పేంటి మాస్టారూ" అన్నాడు ఒకడు. తప్పేమీ లేదు. నా ఇంటి స్లాబులో పోసిన కంకర కూడా ఏదో ఒక ఊరి కొండే, మనం నడిచే రోడ్డు కూడా అంతే. కంకరే వద్దు అనేవాణ్ణి కాను నేను. కానీ ఆ అబ్బాయితో కలిసి రెండు క్వారీలు తిరిగి చూసి వచ్చాను. డ్రిల్లింగ్ చేసేవాళ్ళు, రాయి కొట్టేవాళ్ళు చాలామంది ఒడిశా నుంచి వచ్చినవాళ్ళే. క్రషర్ దగ్గర నలుగురైదుగురు ఉంటే చాలు, మిగతాదంతా మిషన్. మన ఊళ్ళాంటి వాళ్ళకి దొరికింది వాచ్‌మన్ పని, టిప్పరు ఉన్నవాడికి కిరాయి. ఆ అబ్బాయి వచ్చేటప్పుడు బస్సులో ఏం మాట్లాడలేదు. వాడి మనసు మారిందని నేను అనను, వాడే చెప్పాలి.

ఆ ఒడిశా వాళ్ళ గురించి ఒక్క మాట. 2018 ఆగస్టు 3 రాత్రి కర్నూలు జిల్లా ఆలూరు మండలం హత్తి బెళగల్ క్వారీలో పేలుడు జరిగి పది మంది దాకా వలస కూలీలు పోయారు. 2021 మే నెలలో కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్ళపల్లెలో జిలెటిన్ స్టిక్స్ దించుతుంటే పేలి పది మంది. 2025లో మళ్ళీ సరిగ్గా ఆగస్టు 3నే, మన పక్కనే బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో రాళ్ళు విరిగిపడి ఆరుగురు, అందరూ ఒడిశా వాళ్ళే. మనకి పేపర్లో ఒకరోజు వార్త. అక్కడెక్కడో వాళ్ళ ఊళ్ళలో ఆరిళ్ళలో చావు. క్వారీ వస్తే మన ఊరి హద్దులో పనిచేసే ఆ మనుషుల ప్రాణాలకి జవాబు చెప్పవలసింది కూడా మన పంచాయతీయే కదా, ఆ మూడు లైన్ల తీర్మానంలో వాళ్ళ గురించి ఎవరైనా ఆలోచించారా?

ఆడవాళ్ళు చెప్పినవి ఎక్కువ దుమ్ము గురించి, మిరపకాయల గురించి. కల్లంలో ఎండబెట్టిన కాయ మీద తెల్ల దుమ్ము పడితే యార్డులో రేటు తెగ్గోస్తారు, అది అందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటుంది. ఆకు మీద, బిందె మీద కనిపించే దుమ్ము కన్నా కంటికి కనిపించని సన్నదుమ్ము ప్రమాదం. మన కొండ రాయిలో పలుగురాయి ఉంటుంది, అందులో సిలికా అనే పదార్థం. అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, ఏళ్ళు గడిచాక ఆయాసం మొదలవుతుంది, సిలికోసిస్ అంటారు. దానికి నయం చేసే మందు లేదు. నీళ్ళు చల్లుతూ డ్రిల్ చెయ్యాలని, క్రషర్‌కి షెడ్డు కట్టాలని, రోడ్డు తడపాలని అనుమతి కాగితంలో షరతులుంటాయి. ఆ షరతులు పాటిస్తున్నామని ప్రతి ఏడాదీ జూన్ 1కి ఒకటి, డిసెంబరు 1కి ఒకటి రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టు మనం అడిగి తీసుకోవచ్చు.

ఇప్పుడు మా వదిన సంగతి చెబుతాను. మా మేనమామ కూతురు, ఇక్కడికి పన్నెండు కిలోమీటర్లలో ఉంటుంది, వాళ్ళ ఊరి పక్కన క్వారీ వచ్చి చాలా ఏళ్ళయింది. అదిగో ఆ స్తంభం పక్కన కూర్చుంది. వాళ్ళ పడకగది గోడకి నెర్రె వచ్చింది. ఆఫీసులో చెబితే "పాత ఇల్లు కదమ్మా, పునాది దిగి ఉంటుంది" అన్నారు. ఆవిడ ఇంటికొచ్చి పాత క్యాలెండరు కాగితాన్ని అంగుళం వెడల్పున పట్టీలుగా చింపి, మైదా జిగురు కాచి, నెర్రె మీద అడ్డంగా అంటించింది. ప్రతి పట్టీ మీదా పెన్సిలుతో అంటించిన తేదీ రాసింది. మధ్యాహ్నం తూటాలు పేల్చేటప్పుడు సైరన్ వేస్తారు కదా, పేలుడు అయ్యాక వెళ్ళి చూసేది. పట్టీ బాగుంటే వదిలేసేది, మధ్యలో చిరిగితే చిరిగిన తేదీ రాసి దాన్ని జాగ్రత్తగా ఊడదీసి, ఇంకోటి అంటించేది. ఏడాదిన్నర చేసింది ఈ పని. నేను వాళ్ళింటికెళ్తే బియ్యం డబ్బా మీద నుంచి ఒక స్వీటు బాక్సు దించి చూపించింది, దాన్నిండా చిరిగిన పట్టీలే. కొన్నిటి వెనక వినాయకుడి బొమ్మ సగం, కొన్నిటి మీద ఏకాదశి, అమావాస్య. సంక్రాంతికి క్వారీ మూసినప్పుడు అంటించిన పట్టీ ఒక్కటీ చిరగలేదు, అది కూడా విడిగా దారం కట్టి పెట్టింది. ఇంజనీర్లు అద్దం ముక్క అంటించి ఇదే పని చేస్తారట, ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆ పెట్టె చూశాక నేను రాత్రంతా నిద్రపోలేదు. ఒక ఇంటి ఇల్లాలు గోడ పక్కన నిలబడి ఇంత చేస్తే, బడిలో పిల్లలకి చదువు చెప్పినవాణ్ణి నేను నలభై ఏళ్ళలో ఒక్క గ్రామసభకి కూడా పూర్తిగా కూర్చోలేదు.

(సభలో ఒక మహిళ: అసలు గ్రామసభ ఎప్పుడు పెట్టారండీ?)

అదే చెబుతున్నానమ్మా. పంచాయతీ వేరు, గ్రామసభ వేరు. పంచాయతీ అంటే సర్పంచ్, వార్డు మెంబర్లు. గ్రామసభ అంటే ఓటరు లిస్టులో పేరున్న మనమందరం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది, ఆ మరుసటేడు మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం వచ్చింది, గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు పెట్టి తీరాలి. మన దగ్గర ఎలా జరుగుతోందంటే, పుస్తకం పట్టుకుని రేషన్ షాపు దగ్గర సంతకాలు తీసుకుంటారు, హాజరు నిండుతుంది. మళ్ళీ పైనుంచి గట్టిగా చెప్పిన రోజున అన్ని చోట్లా జరుగుతుంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒక్కరోజే గ్రామసభలు పెట్టారు, ఉపాధి హామీ పనుల కోసం. మనూళ్ళో కూడా టెంటు వేశారు, గుర్తుందా? అంటే పెట్టాలనుకుంటే పెట్టగలరు.

మీకు ఒక నిజం చెప్పాలి, ఆశలు పెంచి తర్వాత మిమ్మల్ని నీరుగార్చడం నాకు ఇష్టం లేదు. మనది మైదాన ప్రాంతం. గ్రామసభ వద్దంటే క్వారీ వెంటనే ఆగిపోతుందని చట్టంలో లేదు. ఏజెన్సీలో వేరు. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న తరహా ఖనిజాల లీజుకి ముందే గ్రామసభ గానీ పంచాయతీ గానీ సిఫారసు చెయ్యాలి. విశాఖ ఏజెన్సీ అనంతగిరి మండలంలో మొదలైన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు గిరిజన ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులు చెల్లవంది. ఒడిశా నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు చెప్పాక 12 ఊళ్ళలో గ్రామసభలు పెట్టారు, పన్నెండుకి పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి, ఆ కొండ నిలబడింది. ఆ బలం చట్టప్రకారం మనకి లేదు. మనకున్నది మన మాట రికార్డులోకి ఎక్కించుకోవడం, ఎక్కించినదాన్ని పట్టుకుని పై ఆఫీసుల్ని అడగడం.

ఇంకో చోట మనం మాట్లాడాలి, దాన్నే తప్పించాలని చూస్తున్నట్టు నాకు అనుమానం. పెద్ద క్వారీకైతే పర్యావరణ అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కాలుష్య నియంత్రణ మండలి పెడుతుంది, కలెక్టరు గానీ ఆయన తరఫున పెద్ద అధికారి గానీ కూర్చుంటారు, 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వెయ్యాలి, వీడియో తియ్యాలి, ఎవరేం మాట్లాడారో అక్కడికక్కడే తెలుగులో చదివి వినిపించాలి. ఇంతమంది రావాలన్న కోరం లేదు. ఇద్దరొచ్చినా జరిగినట్టే లెక్క, అది గుర్తు పెట్టుకోండి. ఇదంతా పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్‌లో ఉంది. చిన్న క్వారీలకి అసలు అనుమతే అక్కర్లేదన్నట్టు నడుస్తుంటే, 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు హర్యానా కేసులో 5 హెక్టార్ల లోపు వాటికీ పర్యావరణ అనుమతి ఉండాల్సిందే అంది. అనుమతి వరకు సరే, 5 హెక్టార్ల లోపు ఒంటరి క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. 5 హెక్టార్లంటే మన లెక్కలో పన్నెండు ఎకరాల ముప్పై అయిదు సెంట్లు.

మన కొండ మీద ఎన్ని దరఖాస్తులున్నాయో తెలుసా? మూడు. మూడు పేర్లు, మూడూ 5 హెక్టార్లకి ఇంచుమించు వచ్చి ఆగాయి, మూడూ పక్కపక్కనే. ఇది కూడా సమాచార హక్కు అర్జీ పెడితేనే బయటపడింది. కానీ నిబంధన ఏమంటుందంటే, 500 మీటర్ల లోపల ఉన్న క్వారీలన్నిటినీ కలిపి ఒక గుంపుగా చూడాలి, కలిపితే 5 హెక్టార్లు దాటితే ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. మూడింటి మ్యాపులూ పక్కపక్కన పెట్టి మన డిప్లొమా కుర్రాడు గీసిన స్కెచ్ అదిగో గోడ మీద ఉంది, వెళ్ళేటప్పుడు చూడండి. బడి ఎక్కడుందో కూడా గీశాడు. పేలుళ్ళు చేసేటప్పుడు 500 మీటర్ల దాకా డేంజర్ జోన్, మనుషులు ఉండకూడదు. బడి ప్రహరీ నుంచి కొండ పాదానికి 400 మీటర్లు కూడా లేదు, మేం టేపు పట్టుకుని కొలిచాం.

డబ్బు సంగతి చాలామంది అడిగారు, అది తొందరగా చెప్పేస్తాను. తవ్విన రాయికి క్వారీ కట్టే రుసుము, సీనరేజి అంటారు, ముందు ప్రభుత్వానికి పోతుంది. అందులో స్థానిక సంస్థలకి వాటా ఉంది. 2015లో చట్టం మార్చి జిల్లాకో ఖనిజ నిధి పెట్టారు, గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ళకి ఖర్చు చెయ్యాలని. మా వదినగారి ఊరికి ఆ నిధి నుంచి ఏం వచ్చిందో కనుక్కుందామని వాళ్ళ పంచాయతీలో అడిగితే అలాంటి నిధి ఉందన్న సంగతే వాళ్ళకి తెలియదు. చీమకుర్తి వెళ్ళి చూడండి, ఒంగోలు నుంచి పొదిలి రోడ్డులో. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే ఆ గెలాక్సీ రాయి దేశదేశాలకీ పోతుంది. గుంతల అంచున నిలబడి కిందికి చూస్తే లారీ అగ్గిపెట్టెంత కనిపిస్తుంది. అంత డబ్బు పుట్టిన నేల పక్క పల్లెల్లో తాగే నీళ్ళ గురించి, రోడ్ల గురించి అక్కడి ఆడవాళ్ళని అడగండి.

(సభలో ఒకరు: ఇప్పుడు మనం ఏం చెయ్యాలి మాస్టారూ?)

గ్రామసభ పెట్టమని అర్జీ రాశాం, కలెక్టరు గారికి, మండలానికి కాపీలతో. సంతకాలు ఇవాళ మొదలుపెడదాం. చదివి పెట్టండి, చదవడం రానివాళ్ళకి మన అమ్మాయిలు చదివి వినిపిస్తారు, విన్నాకే వేలిముద్ర. ఇంటి పెద్ద ఒక్కడూ పెడితే సరిపోదు, ఓటున్న ప్రతి మనిషీ పెట్టాలి. క్వారీ కావాలనేవాళ్ళకి వేరే కాగితం పెట్టాం, వాళ్ళూ కారణం రాసి పెట్టండి, అది కూడా ఇదే కవరులో పోతుంది. నా అభిప్రాయం నేను దాచను. బడికి ఇంత దగ్గర్లో, మన చెరువుకి నీళ్ళొచ్చే వాలు మీద ఈ క్వారీ రాకూడదు. కానీ నా అభిప్రాయాన్ని ఊరి అభిప్రాయంగా రాస్తే, ఆ మూడు లైన్లు రాసినవాళ్ళు చేసిన పనే నేనూ చేసినట్టవుతుంది.

ఒకవేళ మనకి తెలియకుండానే పర్యావరణ అనుమతి వచ్చేసినా దారి మూసుకుపోలేదు. ఆ సంగతి రెండు స్థానిక పేపర్లలో ప్రకటించాలి, పంచాయతీకి కాపీ ఇవ్వాలి, పంచాయతీ దాన్ని అందరికీ కనపడేలా పెట్టాలి. దాని మీద పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కి చెన్నైలో ఉన్న బెంచికి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అందుకే రోజూ పేపర్లో చిన్న ప్రకటనలు చూసే పని లైబ్రరీకి వచ్చే ఇద్దరికి అప్పజెప్పాం, పంచాయతీ బోర్డు చూసే పని అంగన్‌వాడీ దారిలో వెళ్ళే అమ్మాయిలు తీసుకున్నారు.

నేను చాలాసేపు మాట్లాడాను, ఇక కూర్చుంటాను. వదినా, ఇలా రా. మైకు దగ్గరగా పట్టుకో, భయపడకు, అందరూ మనవాళ్ళే. ఆ స్వీటు బాక్సు తెచ్చావు కదా, మూత తీసి ముందు ఆ మొదటి పట్టీ మీద తేదీ చదువు.